కొలిచేది మన ఇంటిని... ఫీజు ఎవరి లెక్క?

శనివారం పొద్దున పదకొండు గంటలు. కరీంనగర్ రేకుర్తిలో పదేళ్ల కిందట కట్టిన ఓ డాబా ఇల్లు. గేటు ముందు బైకు ఆగింది. భుజాన సంచి, చేతిలో టేపు... దిగినాయన బ్యాంకు పంపిన ఇంజినీరు. ఇల్లు అమ్మే పెద్దాయన కుర్చీ వేశాడు. కొనబోయే టీచరు దంపతులు చాయ్ తెప్పించారు. ఇంజినీరు మాత్రం కూచోలేదు. ముందు గది, వెనక గది, మెట్లు, పిట్టగోడ... చకచకా కొలిచాడు. నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీశాడు. పర్మిషన్ ప్లాను చూపించమన్నాడు. పక్కింటివాళ్లను పిలిచి హద్దులు అడిగాడు. అరగంట కాకముందే పని అయిపోయింది.

"సార్, మా ఇంటికి ఎంత కడ్తున్నరు?" పెద్దాయన ఉండబట్టలేక అడిగాడు.

"రిపోర్టు బ్యాంకుకు పంపిస్త. ఆడ్నే తెలుస్తది."

"మరి మీ ఫీజు ఎంతయితది సార్?" టీచరమ్మ అడిగింది.

"అది గూడ బ్యాంకోల్లనే అడుగుండ్రి మేడమ్."

ఇది ఊహించి రాసిన సన్నివేశమే. కానీ బ్యాంకు అప్పుతో ఇల్లు కొన్నవాళ్లెవరికీ కొత్తగా అనిపించదు. టీచరమ్మ అడిగిన రెండో ప్రశ్నకు బ్యాంకులో కూడా ఒక పట్టాన జవాబు దొరకదు. 'ప్రాసెసింగ్ ఫీజులోనే కలిసి ఉంటుంది' అంటారొక చోట. 'ఎంతయితే అంత, తర్వాత మీ ఖాతాలో కోత పడుతుంది' అంటారు మరో చోట. ఇంకో చోట ఏజెంటు వచ్చి ముందే చెక్కు పట్టుకుపోతాడు. అది వాల్యుయేషన్‌కు ఎంత, లాయరుకు ఎంత, బ్యాంకుకు ఎంత అన్నది మాత్రం తేలదు. వడ్డీలో పావు శాతం తగ్గించమని గంటసేపు బేరమాడే మనిషి కూడా ఇక్కడికొచ్చేసరికి 'సరే కానియ్ సార్' అనేస్తాడు. యాభై లక్షల ఇంటి ముందు మూడు వేల రూపాయలు ఓ లెక్కా?

లెక్కే! ఎందుకంటే ఆ మూడు వేలతో తయారయ్యే కాగితమే ఎంత అప్పు వస్తుందో తేలుస్తుంది.

డబ్బు మనది... రిపోర్టు బ్యాంకుది

ఇంటికి విలువ కట్టే ఇంజినీరును బ్యాంకు తన ప్యానెల్ నుంచి ఎంపిక చేస్తుంది. అతను రిపోర్టు రాసేది బ్యాంకు పేరు మీద. రేపు అప్పు తీరకపోతే ఆ ఇల్లు అమ్మి డబ్బు రాబట్టుకోవచ్చా లేదా అన్నదే అందులో ప్రశ్న. అందుకే చాలా రిపోర్టుల్లో ఒకటి కాదు, మూడు అంకెలుంటాయి. మార్కెట్లో నిదానంగా అమ్మితే వచ్చే ధర, కాస్త తొందరపడితే వచ్చే ధర, తప్పనిసరై అమ్ముకుంటే వచ్చే ధర. కొనేవాడికి ఇందులో మొదటిదే కనిపిస్తుంది. బ్యాంకు కన్ను మిగతా రెండింటి మీద కూడా ఉంటుంది. ఇది తప్పేం కాదు. అప్పిచ్చేవాడు తన డబ్బు గురించి జాగ్రత్త పడతాడు. కాకపోతే ఆ జాగ్రత్తకు బిల్లు కట్టేది అప్పు తీసుకునేవాడు. అలాంటప్పుడు ఆ బిల్లు ఎంతో ముందే తెలుసుకునే హక్కు అతనికి ఉండొద్దూ?

ఇంతకీ ఆ రేటు ఎక్కడ ఖరారవుతుంది? ఇంత తీసుకోవాలని రిజర్వు బ్యాంకు నిర్ణయించదు. సర్వీసు ఛార్జీలు బ్యాంకుల బోర్డుల ఇష్టం. ఒక బ్యాంకు ఆస్తి విలువను బట్టి స్లాబులు పెట్టుకుంటుంది. మరొకటి ఇంటికింత అని ఒకే రేటు పెడుతుంది. ఊరు దూరమైతే దారి ఖర్చులు అదనం. కొన్ని ఫైనాన్స్ సంస్థలు నేరుగా ఇంజినీరును కాకుండా ఓ ఏజెన్సీని పెట్టుకుంటాయి. అప్పుడు కట్టిన ఫీజులో కొలవడానికి వచ్చినాయన చేతికి ఎంత చేరిందో కట్టినవాడికి తెలిసే దారి లేదు. దీని మీద 18 శాతం జీఎస్టీ. అంటే మూడు వేలు అన్నది చేతికొచ్చేసరికి 3,540 అవుతుంది.

ఒకప్పుడు సంపద పన్ను చట్టం కింద రిజిస్టరైన వాల్యుయర్లకు ఫీజు ఎంతుండాలో ఆ నిబంధనల్లోనే పట్టిక ఉండేది... ఆస్తి విలువలో ఇంత శాతం అని. 2015 బడ్జెట్‌లో ఆ పన్నే రద్దయింది. ఆ రిజిస్ట్రేషన్ ఉన్న ఇంజినీర్లను ప్యానెల్లోకి తీసుకునే బ్యాంకులు ఇంకా ఉన్నాయి గానీ, ఫీజు ఎవరి లెక్క వారిదే. శాతం పద్ధతిలోనూ ఓ చిక్కుంది లెండి. విలువ ఎంత ఎక్కువ కడితే ఫీజు అంత పెరిగే చోట, తక్కువ కట్టాలని ఎవరికి అనిపిస్తుంది?

దీనికి పూర్తి వ్యతిరేకమైన ఉదాహరణ కూడా అదే అప్పు ఫైలులో ఉంటుంది. తాకట్టు పెట్టిన ఆస్తులన్నింటినీ ఒకేచోట నమోదు చేసే కేంద్ర రిజిస్ట్రీ 'సెర్సాయ్' 2011లో మొదలైంది. అక్కడ నమోదుకు అయిదు లక్షలు దాటిన అప్పుకు 100 రూపాయలు, అంతకు లోపైతే 50. ఆదిలాబాద్‌లోనైనా, హైదరాబాద్‌లోనైనా అంతే. నిబంధనల్లో రాసి ఉంది కనుక అందులో 'ఎంతయితే అంత' ఉండదు.

ఒక్క అంకెతో ఆరు లక్షల తేడా

మళ్లీ రేకుర్తికే వద్దాం. ఇల్లు 150 గజాల్లో ఉంది. బేరం 50 లక్షలకు కుదిరింది. రెండు లక్షలు బయానా కూడా ఇచ్చేశారు. ధరలో 80 శాతం, అంటే 40 లక్షలు బ్యాంకు ఇస్తుందని దంపతుల ధీమా. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల వరకు ఇంటి అప్పుకు ఆస్తి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల వరకు 80 శాతం దాకా, ఆపైన 75 శాతం దాకా ఇవ్వొచ్చు. జీతాలు కూడా సరిపోతాయి. అంతా బాగానే ఉంది.

రిపోర్టు వచ్చింది. 42 లక్షలు!

ఎలా కట్టాడు? స్థలం 150 గజాలు, గజం 18 వేల చొప్పున 27 లక్షలు. ఇల్లు 1,200 చదరపు అడుగులు, ఇప్పుడు కట్టాలంటే అడుగుకు 1,500 చొప్పున 18 లక్షలు. ఇంటి ఆయుష్షు అరవై ఏళ్లనుకుంటే పదేళ్లు అయిపోయాయి కనుక ఆరో వంతు తీసెయ్యాలి. మిగిలింది 15 లక్షలు. మొత్తం 42. ఇందులో కూడికలు, తీసివేతలు తప్పని ఎవరూ అనలేరు. తేడా అంతా ఒకే ఒక్క అంకెలో ఉంది... గజం ధర. అమ్మే పెద్దాయన లెక్కలో అది 23 వేల పైమాటే.

"మొన్ననే మా పక్క ప్లాటు గజం 24 వేలకు పోయింది గదా సార్!" అంటాడు పెద్దాయన. పోయే ఉండొచ్చు. కానీ ఆ ప్లాటు రిజిస్ట్రేషన్ కాయిదం తీసి చూస్తే అందులో ప్రభుత్వ విలువకు కాస్త అటూ ఇటూగా రాసి ఉంటుంది. మిగతాది చేతికి చెయ్యి మారింది. 24 వేలు అన్న అంకె ఏ రికార్డులోనూ లేదు. ఇంజినీరు దేన్ని చూపించి రాయాలి? 2021 జులైలో తెలంగాణలో రిజిస్ట్రేషన్ ఖర్చు ఆరు శాతం నుంచి 7.5 శాతానికి పెరిగినప్పటి నుంచి విలువ తగ్గించి రాసుకోవాలన్న ఆశ మరీ పెరిగింది. కాలనీలో పదిమంది అలా మిగుల్చుకున్న స్టాంపు ఖర్చు పదకొండో ఇంటివాడి వాల్యుయేషన్‌లో బయటపడుతుంది.

42 లక్షల్లో 80 శాతం 33 లక్షల 60 వేలు. అనుకున్న నలభైకి 6 లక్షల 40 వేలు తక్కువ. రిజిస్ట్రేషన్ ఖర్చులు అప్పులో కలవవు. విలువ లెక్కలో వాటిని చేర్చకూడదని 2012లోనే రిజర్వు బ్యాంకు చెప్పింది. చిన్న ఇళ్లకు మాత్రం 2015లో సడలించింది. అంటే ఆ భారం ఎలాగూ చేతి నుంచే. ఇప్పుడు ఈ ఆరు లక్షల నలభై వేలు ఎక్కణ్నుంచి తేవాలి? చిట్టీ ఎత్తాలి. లేదంటే బంగారం కుదువ పెట్టాలి. అదీ కాదంటే రెండు రూపాయల మిత్తి... నెలకు 12,800. బ్యాంకు కిస్తీకి ఇది అదనం! తీసుకోకపోతే బయానా పోతుంది.

ఇంత జరిగాక కూడా ఆ రిపోర్టు కాపీ ఆ దంపతుల చేతికి వస్తుందన్న భరోసా లేదు. అడిగితే ఇచ్చే బ్రాంచీలున్నాయి. 'అది మా కోసం తయారు చేయించుకున్నది' అని చెప్పే బ్రాంచీలూ ఉన్నాయి. కాపీ ఉంటే కనీసం గజాలు సరిగ్గా రాశారా, పై అంతస్తు కలిపారా అని చూసుకోవచ్చు. 150కి బదులు 130 అని పడినా తెలిసేదెలా?

గోదావరి దాటితే మరో కథ

కరీంనగర్‌లో గొడవ గజం ధర మీద. గోదావరి దాటి పాత ఆదిలాబాద్ జిల్లాలోకి వెళ్తే అసలు ధర కట్టొచ్చా అన్నదే ప్రశ్న. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాయి గానీ నేల స్వభావం మారలేదు కదా. ఉట్నూరు లాంటి ఏజెన్సీ ప్రాంతాల్లో 1959 నాటి భూ బదలాయింపు నిబంధన, దాన్ని బిగించిన 1970 నాటి సవరణ అమల్లో ఉన్నాయి. జనం '1/70' అనేది దీన్నే. అక్కడ గిరిజనేతరులకు భూమి అమ్మడం కుదరదు. గిరిజనుల చేతుల్లోని నేల పరాయిపాలు కాకుండా కాపాడేందుకు వచ్చిన చట్టమది, దాని అవసరం గురించి వాదన లేదు. కానీ కొనగలిగేవాళ్లు పరిమితమైన చోట 'మార్కెట్ విలువ' అన్న గడిలో ఏం రాయాలో ఇంజినీరుకు తోచదు. బ్యాంకుకు అంతకన్నా తోచదు.

బొగ్గు బావుల ఊళ్లది ఇంకో చిక్కు. బెల్లంపల్లి, మందమర్రి, ఇటు గోదావరిఖని... సింగరేణి నేల మీద ఏళ్ల తరబడి కట్టుకున్న ఇళ్లు. గోడలు గట్టిగానే ఉంటాయి, కాయిదాలే ఉండవు. కొన్నింటికి తర్వాత పట్టాలు వచ్చాయి, కొన్నింటికి రాలేదు. ఇక పట్టణాల అంచుల్లో గ్రామ పంచాయతీ లేఅవుట్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. 2020 ఆగస్టులో ప్రభుత్వం లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం తెచ్చినప్పుడు వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు చేసినవాళ్లు ప్రతి కాలనీలోనూ కనిపిస్తారు.

ఇలాంటి ఇంటి మీద అప్పు కోసం వెళ్తే ఏమవుతుంది? ఇంజినీరు వస్తాడు, కొలుస్తాడు, ఫీజు పడుతుంది. తర్వాత లాయరు లింకు డాక్యుమెంట్లు చూసి కుదరదంటాడు. అప్పు రాదు. ఫీజు కూడా తిరిగి రాదు, పని జరిగింది కదా! రెండో బ్యాంకుకు వెళ్తే మొదటివాళ్ల రిపోర్టు చెల్లదు, మళ్లీ కొత్తగా కొలతలు, మళ్లీ కొత్త ఫీజు. మూడు గడపలు తొక్కితే పది వేలు దాటిపోవడం పెద్ద కష్టమేం కాదు. అప్పు మాత్రం ఇంకా అక్కడే ఉంటుంది. లాయరు చూసి సరేనన్నాకే ఇంజినీరును పంపమని అడగొచ్చని చాలామందికి తెలియదు. అన్ని బ్రాంచీలూ ఒప్పుకోకపోవచ్చు, అడిగితే పోయేదేమీ లేదు.

మూడో గడి చూశారా?

ఈ ఫీజుల గుట్టు విప్పాలన్న ఆలోచన కొత్తదేం కాదు. అప్పు దరఖాస్తులోనే ఫీజులెంతో, అప్పు మంజూరు కాకపోతే అందులో ఎంత తిరిగిస్తారో రాయాలని రిజర్వు బ్యాంకు 2003లోనే చెప్పింది. అప్పట్లో అది రెండు లక్షల లోపు ప్రాధాన్య రంగ రుణాలకే. 2007లో అన్ని రుణాలకూ వర్తింపజేసింది. అయినా దరఖాస్తులో ఆ వాక్యం ఎక్కడుందో వెతికి చదివినవాళ్లు అరుదు.

అసలు మార్పు 2024 ఏప్రిల్ 15న వచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి మంజూరయ్యే ప్రతి రిటైల్ రుణానికీ, ఇంటి అప్పుతో సహా, 'కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్' ఇవ్వాలి. బ్యాంకుల్లో కేఎఫ్‌ఎస్ అంటున్నారు. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకూ ఇదే వర్తిస్తుంది. అందులో ఫీజుల పట్టిక ఒకటుంటుంది. మొదటి వరుస ప్రాసెసింగ్ ఫీజు, రెండోది బీమా, మూడోది అచ్చంగా వాల్యుయేషన్ ఫీజు. బ్యాంకు తనకు తీసుకునేది ఒక గడిలో, బ్యాంకు ద్వారా బయటివాళ్లకు వెళ్లేది మరో గడిలో. 'అన్నీ కలిపి' అని తప్పించుకోవడానికి వీల్లేకుండా విడగొట్టారన్నమాట. ఆ ఫీజులన్నీ కలుపుకుని ఏడాదికి అసలు ఎంత శాతం పడుతుందో కూడా చూపించాలి. బయటివాళ్ల పేరుతో వసూలు చేసిన దానికి రసీదు ఇవ్వాలి. ఆ కాగితంలో లేని ఛార్జీని అప్పు తీసుకున్నవాడు స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప తర్వాత వసూలు చేయకూడదు. అది కూడా అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలోనే ఉండాలి. అంటే తెలుగులో కావాలని అడగడం మనం చేసే దబాయింపు కాదు. చదివి ఆలోచించుకునేందుకు ఇంటి అప్పులాంటి వాటికి కనీసం మూడు పని దినాలు గడువు కూడా ఉంది.

చదవడానికి ఎంత బాగుందో కదా! ఓ చిన్న మెలిక ఉంది. కేఎఫ్‌ఎస్ ఇవ్వాల్సింది అప్పు ఒప్పందం మీద సంతకానికి ముందు. ఇంజినీరు వచ్చేదేమో మంజూరుకు ముందు. టీచరమ్మ గేటు దగ్గర ప్రశ్న అడిగే సమయానికి ఆ కాగితం ఇంకా పుట్టి ఉండకపోవచ్చు. అప్పే రాని బెల్లంపల్లి మనిషికైతే ఆ కాగితం ఎప్పటికీ రాకపోవచ్చు. ఫీజు మాత్రం కట్టేసి ఉంటాడు. సంతకం పెట్టేవాడికి దొరికిన రక్షణ తిరస్కరణకు గురైనవాడికి దొరకలేదు. అతనికి మిగిలింది ఆ పాత దరఖాస్తు నిబంధనే.

అమెరికాలో ఉన్న కరీంనగర్ పిల్లలకు ఈ తేడా తెలుసు. అక్కడ ఇంటి అప్పుకు దరఖాస్తు చేసిన మూడు పని దినాల్లో ఖర్చుల అంచనా పత్రం ఇస్తారు. ప్రస్తుత నమూనా 2015 అక్టోబరు నుంచి ఉంది. అది అందుకుని 'ముందుకెళ్దాం' అని చెప్పేదాకా క్రెడిట్ రిపోర్టు ఖర్చు తప్ప వాల్యుయేషన్ పేరుతో డాలరు కూడా తీసుకోకూడదు. మామూలుగా బ్యాంకే వాల్యుయర్‌ను ఎంచుకుంటుంది కనుక, పరిస్థితి నిజంగా మారితే తప్ప, ముందు చెప్పిన ఫీజు తర్వాత పెరగడానికి వీల్లేదు. 2014 జనవరి నుంచి ఇంకో నిబంధన: వాల్యుయేషన్ కాపీని ఇల్లు చేతికొచ్చే రోజుకు కనీసం మూడు పని దినాల ముందు అప్పు తీసుకునేవాడికి ఊరికే ఇవ్వాలి. 2008 ఇళ్ల అప్పుల సంక్షోభంలో చేతులు కాలాక నేర్చిన జాగ్రత్తలివి. పెంచి కట్టిన విలువలు అక్కడ ఎన్ని కుటుంబాలను రోడ్డున పడేశాయో లోకమంతా చూసింది. మన దగ్గర కొనేవాళ్లు తక్కువ కట్టారనే ఏడుస్తారు. ఎక్కువ కట్టినా ప్రమాదమేనన్నది అప్పు కట్టలేని రోజు వస్తే గానీ తెలియదు.

విలువ కట్టేవాడు బ్యాంకు మీదా, కొనేవాడి మీదా ఆధారపడకుండా ఉండాలన్న మాట మన దగ్గరా ఉంది. 2007 జనవరిలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన మార్గదర్శకాలు ఆ సంగతే చెప్పాయి. 50 కోట్లు, ఆపైన విలువ ఉన్న ఆస్తికి కనీసం ఇద్దరితో విలువ కట్టించాలన్నాయి. యాభై లక్షల ఇంటికి ఆ నియమం లేదు. ఒక్కరి మాటే చాలు. తన సొంత నియమంతో రెండో రిపోర్టు అడిగే బ్యాంకులో అయితే ఫీజు కూడా రెండుసార్లు.

రసీదు ఇవ్వకపోతే, చెప్పని ఛార్జీ ఖాతాలో పడితే ముందు బ్రాంచీలో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లొచ్చు. ఫిర్యాదుకు పైసా ఖర్చు లేదు. వివరాలకు 14448కి ఫోను చేయొచ్చు. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ మీదైతే నేషనల్ హౌసింగ్ బ్యాంకుకు రాయొచ్చు. మూడు వేల కోసం ఇంత తిరుగుడా అని అనిపించొచ్చు. ఉత్తరం రాస్తే మాత్రం ఆ డబ్బు ఎక్కడికి పోయిందో లెక్క చెప్పాల్సిన పని బ్రాంచీ మీద పడుతుంది.

రేకుర్తి టీచర్ల బేరం ఏమైందంటారా? అమ్మే పెద్దాయనకు 42 లక్షల మాట మింగుడు పడలేదు. రెండు రోజులు అలిగాడు. మూడో రోజు ఫోన్ చేసి, "బిడ్డా, ఇంకో బ్యాంకుల అడుగుండ్రి. బయానా గడువు పదిహేను దినాలు పెంచుత" అన్నాడు. దంపతులు టవర్ సర్కిల్ వైపు మరో బ్రాంచీకి బయలుదేరారు. మేనేజరు ఎదుట కూచోగానే ఆయన వడ్డీ రేటు చెప్పబోతుంటే టీచరమ్మ సంచిలోంచి పెన్ను, కాయిదం తీసింది.

"వడ్డీ తర్వాత చెప్పుండ్రి సార్. ముందుగాల ఇంజినీరుకు ఎంత, లాయరుకు ఎంత, మీకు ఎంత... అప్పు రాకుంటే మాకు మళ్ల ఎంతిస్తరు? రాసియ్యుండ్రి."